పడవకు తగిన మోటారు

నర్సీపట్నానికి సముద్రం లేదు గానీ చేపలతో సంబంధం లేకపోలేదు. ఒక పక్క నాతవరం దగ్గర తాండవ జలాశయం ఉంది. ఇంకో పక్క హైవే దాటితే పాయకరావుపేట, నక్కపల్లి, పూడిమడక తీరం. చింతపల్లి వైపు సంతలకు పోయే ఎండుచేపలు ఈ ఊరి మీదుగానే కొండెక్కుతాయి. అందుకే కొత్త పడవ కొనాలన్న ఆలోచన ఈ చుట్టుపక్కల కుటుంబాల్లోనూ వస్తుంటుంది. ఆ ఆలోచన వెంటే వచ్చే ప్రశ్న ‘ఎన్ని హార్స్‌పవర్ మోటారు?’ నిజానికి ముందు అడగాల్సింది అది కాదు. పడవ ఏ నీళ్లలో తిరగాలి? సాయంత్రానికి ఏ ఒడ్డుకు చేరాలి?

జలాశయం సంగతి తేలిక. అక్కడ కెరటాలు లేవు, దూరాలూ తక్కువే. వల వేసి తీసే చిన్న పడవకు తెడ్డు చాలు. మరీ కావాలంటే రెండు మూడు హార్స్‌పవర్ల మోటారు సరిపోతుంది. వేసవిలో నీరు దిగినప్పుడు మునిగి ఉన్న మోడులు, బండలు ఫ్యాను రెక్కలకు తగులుతాయి కనుక సులువుగా పైకెత్తుకునే మోటారు మేలు. పెద్ద ఇంజిన్ తగిలించుకుంటే చేప పెరగదు, ఖర్చు పెరుగుతుంది.

సముద్రం వేరు. విశాఖ, కాకినాడల్లో పెద్ద ఫిషింగ్ హార్బర్లు ఉన్నాయి. మధ్యలోని మత్స్యకార గ్రామాల్లో చాలావాటికి ఇసుక ఒడ్డే రేవు. పడవ రోజూ విరిగే కెరటాన్ని దాటి లోపలికి పోవాలి, మళ్లీ దాన్ని దాటే ఒడ్డెక్కాలి. దుంగలు కట్టిన తెప్ప ఈ తీరంలో అంతకాలం నిలిచింది అందుకే. కెరటం మీద పడినా నీరు సందుల్లోంచి జారిపోయేది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాత కార్యక్రమం కూడా ఈ చిక్కుతోనే కుస్తీ పట్టింది. ఒడ్డు తగిలే చోట పైకెత్తగలిగే షాఫ్ట్‌తో చిన్న డీజిల్ ఇంజిన్ పడవలను తయారుచేసి పరీక్షించింది. పొడవాటి షాఫ్ట్ ఉన్న లాంగ్‌టెయిల్ మోటార్లలోని సౌకర్యమూ అదే. ఒడ్డు దగ్గరపడగానే ఫ్యాను నీళ్లలోంచి లేచిపోతుంది.

ఇక హార్స్‌పవర్. ఫైబర్ పడవల మీద తరచుగా కనిపించేది 9.9 హెచ్‌పీ ఔట్‌బోర్డు మోటారు. పక్కవాడు అంతకంటే పెద్దది పెడితే మనమూ పెట్టాలనిపిస్తుంది. కానీ బరువుతో నీటిని చీల్చుకుంటూ పోయే పడవకు దాని పొడవే ఒక హద్దు పెడుతుంది. నీటిలో ఉండే పొడవు 25 అడుగులైతే ఆ హద్దు గంటకు సుమారు 12 కిలోమీటర్లు. అది దాటించాలని చూస్తే ఇంజిన్ అరుస్తుంది, పడవ వెనక పెద్ద కెరటం లేస్తుంది, వేగం మాత్రం పెద్దగా పెరగదు.

హద్దు లోపల కూడా లెక్క చిత్రంగానే ఉంటుంది. ఇంజిన్ మీద పడే భారం సుమారుగా వేగానికి ఘనంలో పెరుగుతుంది. 20 కిలోమీటర్ల దూరానికి గంటకు 10 కిలోమీటర్ల చొప్పున వెళ్తే రెండు గంటలు. 12 చొప్పున వెళ్తే ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఆ ఇరవై నిమిషాల కోసం కాలే నూనె 40 శాతానికి పైగా ఎక్కువ. చేప దొరికినా దొరకకపోయినా ఆ ఖర్చు తప్పదు. అలాగని మరీ చిన్న మోటారూ ప్రమాదమే. కెరటం దాటేటప్పుడు, గాలి మారి వెనక్కి తిరగాల్సి వచ్చినప్పుడు ఒక్క ఊపు అందివ్వగలగాలి. ఆ కాస్త బలం చేతిలో ఉంచుకుని రోజూ నెమ్మదిగా నడిపేవాడే తెలివైన పడవదారు.

టూ స్ట్రోక్ మోటారు చవక, తేలిక, ఊళ్లోనే బాగుచేస్తారు. అయితే అందులో కొంత ఇంధనం కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. ఫోర్ స్ట్రోక్ ధర ఎక్కువైనా అంత తాగదు. రోజూ వేటకు వెళ్లేవారికి ఆ తేడా తిరిగి వస్తుంది. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ఇంజిన్ కొనకముందే తెలుసుకోవాలి. ఫ్యాను విషయం దుకాణంలో ఎవరూ చెప్పరు. వలలు, ఐస్, మనుషులతో బరువెక్కే పడవకు తక్కువ పిచ్ ఉన్న ఫ్యాను కావాలి. నిండు బరువుతో పూర్తిగా థ్రాటిల్ తిప్పినా ఇంజిన్ తన పుస్తకంలో రాసిన ఆర్‌పీఎం అందుకోకపోతే ఫ్యాను తప్పని గుర్తు.

అసలు బరువు డబ్బుది. చేతిలో సొమ్ము చాలనప్పుడు చేపల వ్యాపారి అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ అడగకపోవచ్చు. పట్టిన చేప మాత్రం ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. ఇంటి ఆడవాళ్లు గంపతో సంతకెళ్లి బేరమాడుకునే వీలు అక్కడితో పోతుంది. మోటారు ఎంత పెద్దదైతే ఆ ముడి అంత బిగుస్తుంది. బ్యాంకు వడ్డీ కళ్లకు కనిపిస్తుంది కాబట్టి భయపెడుతుంది గానీ, చాలాసార్లు అదే చవక. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం రాయితీ పెట్టారు. ఈ ఏడాది ఏ పథకం నడుస్తోందో, ఏ ఇంధనానికి రాయితీ వస్తుందో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగాకే ఇంజిన్ ఖాయం చేసుకోవడం మంచిది. రిజిస్ట్రేషన్, బీమా కాగితాలు కూడా అప్పుడే చూసుకోవాలి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. అవి సముద్రం మీద కాదు, లంగరు వేసిన చోటే కాలాయి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మోటారు పడవలకు వేట నిషేధం. కొత్త పడవ పని, ఇంజిన్ బిగింపు ఆ 61 రోజుల్లో పెట్టుకుంటే వేట రోజులు పోవు. నిషేధం ముగిసిన మర్నాడే కొత్త మోటారుతో దూరం పోవాలని కుర్రాళ్లు ఉబలాటపడతారు. మొదటి పది గంటలూ తీరం కనిపించేంత దూరంలోనే, పూర్తి వేగం ఇవ్వకుండా నడపాలి. తెడ్లు మాత్రం పడవలోనే ఉండాలి.