బలపం లేని పలక

టాబ్లెట్ అంటే డాక్టరుగారు వ్రాసియిచ్చేది, నీళ్ళతో మింగేది అనుకునే రోజులు వెళ్ళిపోయినవి. ఇప్పుడా పేరు గల వస్తువు అద్దంలా మెరుస్తూ మంచాలమీదా, పడక్కుర్చీలలోనూ, ఆఖరికి భోజనాల బల్లమీదా కాపరం పెట్టింది. ఆకారాన్నిబట్టి మన తెలుగులో 'పలక' అంటే సరిగ్గా సరిపోతుంది.

వెనక కంప్యూటరు ఇళ్ళలో కాలుపెట్టిన కొత్తలో దానికి జరిగిన మర్యాదలు పాఠకులకు జ్ఞాపకం ఉండేవుంటవి. దానికి ప్రత్యేకం ఒక బల్ల, దుమ్ము పడకుండా ముసుగు, పిల్లలు ముట్టుకోకుండా కాపలా! కొత్త అల్లుడికైనా అంత ఉపచారం జరిగివుండదు. జూబ్లీ హిల్స్‌లో కాపరముండేవారు సైతం సికింద్రాబాదు వెళ్ళి, ప్యారడైజు దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటరులో నాలుగు దుకాణాలు తిరిగి, బేరమాడి, తెరనూ పెట్టెనూ ఆటోలో వేసుకుని వచ్చేవారు. ఇప్పుడు జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కితే తిన్నగా ప్యారడైజులో దిగవచ్చు. దారి సుళువయ్యే నాటికి చాలా ఇళ్ళలో ఆ ప్రయాణం అవసరమే తగ్గిపోయింది!

2010 ఏప్రిల్‌లో ఆపిల్ కంపెనీ అమెరికాలో ఐప్యాడ్‌ను అమ్మకానికి పెట్టింది. మూడేళ్ళు తిరిగేసరికి లోకం తలకిందులైంది. 2013లో ప్రపంచం మొత్తంమీద కంప్యూటర్ల అమ్మకం సుమారు ముప్పై ఒకటిన్నర కోట్లు. అంతకుముందు సంవత్సరంకంటే నూటికి పది తక్కువ. అదే ఏడు టాబ్లెట్లు ఇరవై కోట్లు దాటినవి.

జనం వెర్రివాళ్ళై కొన్నారనుకోకూడదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. మధ్యతరగతి ఇంట్లో కంప్యూటరు చేసిన చాకిరీ ఎంత? రైలు టిక్కెట్టు, పెళ్ళి ఫొటోలు, నాలుగు ఉత్తరాలు, ఒక సినిమా. ఈ మాత్రానికి అంత పెట్టె ఎందుకు? పైగా ఇంగ్లీషు అక్షరాల మీటలు చూస్తే బామ్మగారికి గుండె దడ. పలక అలా కాదు. వేలు ఆనిస్తే పలుకుతుంది. తెలుగులో మాట చెబితే తానే వ్రాస్తుంది. అమెరికాలోని మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెడుతుంది. ఇది తక్కువ ఉపకారం కాదు.

మన ప్రాంతానికి ఈ కథలో ఒక పాత్ర ఉన్నది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో కేంద్రమంత్రి కపిల్ సిబాల్ విద్యార్థులకోసం 'ఆకాశ్' అనే చవక టాబ్లెట్‌ను విడుదల చేశారు. దానిని కూర్చినది మన హైదరాబాదులోనే. ధర మూడువేలలోపు. కాని తెరను గట్టిగా నొక్కితేగాని పలకదు, పలికినా నెమ్మది. పిల్లవాడి చేతికి పలక ఇవ్వాలన్న సంకల్పం మంచిదే. ఎటొచ్చీ చవకగా ఇచ్చినంతమాత్రాన పని జరగదని తేలింది.

ఇక ఫిలింనగర్ సంగతి చూడండి. ఊరంతా పెట్టెలు వదిలి పలకలు పడుతున్న ఆ రోజులలోనే, 2012లో 'ఈగ', 2015లో 'బాహుబలి' వచ్చినవి. ఆ ఈగ ఎగరటం వెనకా, ఆ జలపాతం దూకటం వెనకా ఉన్నవి కంప్యూటర్లే. ఆ రెండు చిత్రాలకూ పనిచేసిన మకుట సంస్థ హైదరాబాదుదే. అటువంటి చోట, ఎడిటింగు గదులలో, యంత్రాలు చిన్నవి కాలేదు. శక్తి పెరిగింది, తెరలు వెడల్పయినవి. అంటే, సినిమా చూసేవాడి యంత్రం అరచేతిలోకి వచ్చింది; తీసేవాడిది బల్లమీదే ఉండిపోయింది.

అసలు కిటుకు ఇక్కడ ఉన్నది. టాబ్లెట్ ప్రధానంగా చూసే వస్తువు, కంప్యూటరు చేసే వస్తువు. ఈ తేడా కంపెనీలూ గ్రహించినవి. 2015లో ఆపిల్ వారు తమ పెద్ద ఐప్యాడ్‌కు తోడుగా ఒక పెన్సిలునూ, మీటల పలకనూ విడిగా అమ్మసాగారు. పలకకు బలపం కావాలని వారికీ తోచిందన్నమాట! ఆ ఏడే టాబ్లెట్ల అమ్మకం తగ్గింది. 2020లో కరోనా వచ్చి బడీ, ఆఫీసూ ఇంట్లోకే రాగా, కంప్యూటర్ల అమ్మకం మళ్ళీ ముప్పై కోట్లు దాటింది.

డబ్బున్న ఇంట్లో రెండూ ఉంటవి, చింత లేదు. చిక్కల్లా ఒక్కటే కొనగలిగిన ఇంటికి. తాతగారికి ప్రవచనాలు, అమ్మకు వంటలు, చంటివాడికి బొమ్మలు — ఓట్లు లెక్కపెడితే టాబ్లెట్‌దే గెలుపు. ఇంజనీరింగులో చేరబోయే అమ్మాయిది ఒక్క ఓటు. ఆమె ప్రోగ్రాము వ్రాయాలి, లెక్కల పట్టికలు వేయాలి, పదిపేజీల వ్యాసం టైపు చేయాలి. మెజారిటీ మాట విని పలక తెస్తే, ఆమె చూడటం నేర్చుకుంటుంది. చేయటం మరొకరింటికి వెళ్ళి నేర్చుకోవాలి. ఈ ఒక్క విషయంలో మైనారిటీ మాట వినటం ఇంటికి మంచిది. కొత్తది కొనే శక్తి లేకపోతే, ఒకరు వాడిన కంప్యూటరైనా ఫరవాలేదు.

వెనకటి పెద్దలు అక్షరాభ్యాసంనాడు పిల్లవాడి చేతికి వట్టి పలక ఇచ్చి ఊరుకోలేదు; బలపం కూడా ఇచ్చారు. దుకాణానికి బయలుదేరేముందు ఆ సంగతి ఒకసారి తలుచుకుంటే చాలు.