పిజ్ టీవీ పాఠం.. మన గోడు చెప్పే తెర ఏది?

రాత్రి క్యాంపులో వంట అయ్యేదాకా మేమంతా తెలుగు చానళ్లు చూస్తాం. ఇప్పుడైతే ఎవరి ఫోన్ వాళ్లకు టీవీనే. రాజకీయాలు, సినిమాలు, క్రికెట్.. అన్నీ వస్తాయి. ఆగిన జీతం ఎట్లా రాబట్టుకోవాలో, తోటి మనిషి చనిపోతే ఇంటివాళ్లు ఏ కాగితాలు పెట్టాలో చెప్పేది మాత్రం వెతికినా దొరకడం కష్టం. ఇన్ని చానళ్లున్నా ఈ లోటెందుకు? దీనికి జవాబు ఎప్పుడో మూతపడిన ఒక చిన్న టీవీ స్టేషన్ కథలో ఉంది.

గుజరాత్‌లో ఖేడా జిల్లా పిజ్ గ్రామం. 1975లో అక్కడ ఒక కిలోవాట్ ట్రాన్స్‌మీటర్ పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా ఉపగ్రహం సాయంతో ‘సైట్’ ప్రయోగం మొదలైంది. మనం పనిచేసే సైట్ కాదు, ఉపగ్రహ టీవీ ప్రయోగం. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీలు చేరాయి. మన మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలు కూడా అందులో ఉన్నాయి. 1976 జులైలో గడువు తీరడంతో ఉపగ్రహ ప్రసారం ఆగిపోయింది. పిజ్ మాత్రం ఆగలేదు. దాని ట్రాన్స్‌మీటర్ నేల మీదే ఉంది కదా!

అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం, దూరదర్శన్ కలిసి ఈ స్టేషన్‌ను నడిపాయి. ఊళ్లవాళ్లతో మాట్లాడి, వాళ్ల యాసలోనే కార్యక్రమాలు తీశారు. వ్యవసాయ కూలీల కనీస కూలి, కట్నం, అంటరానితనం లాంటి విషయాలు తెరమీదికొచ్చాయి. ‘దాద్ ఫరియాద్’ ధారావాహిక చట్టం సంగతులు చెప్పేది. 1984లో యునెస్కో బహుమతి కూడా దక్కింది.

మరుసటి ఏడాదే, 1985లో, ఊళ్లవాళ్లు వద్దన్నా వినకుండా ట్రాన్స్‌మీటర్‌ను మద్రాసుకు తరలించారు. నగరంలో రెండో చానల్ కోసమట!

చూసేవాళ్లు లేక పిజ్ మూతపడలేదు. స్విచ్ ఊరివాళ్ల చేతిలో లేక మూతపడింది. 1982 నుంచి ఢిల్లీ జాతీయ కార్యక్రమం, ప్రకటనల ఆదాయం ముందుకొచ్చాయి. దేశమంతా ట్రాన్స్‌మీటర్లు పెరిగాయి గానీ పల్లె మాట పెరగలేదు. కూలి గురించి చెప్పే కార్యక్రమానికి ప్రకటన ఎవరిస్తారు?

దీనికి ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008లో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది పల్లె మహిళలే. అది టీవీ అంత ఆర్భాటం కాదు. అయినా మాట వాళ్లది, మైకు వాళ్లది.

ఇదంతా మనకెందుకంటారా? గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. మా క్యాంపులో ఒక తమ్ముడు పోయినప్పుడు, ఆ సాయం ఉందన్న సంగతే వాళ్ల ఇంట్లో తెలియదు. మేము నలుగురం ఫోన్లు చేసి చెబితేగానీ దరఖాస్తు పెట్టలేదు. ఉత్తర్వు ఉన్నా, వార్త ఇంటికి చేరకపోతే ఏం లాభం?

అందుకే దూరదర్శన్‌లో గల్ఫ్ కార్మికుల కోసం వారానికి అరగంట అడుగుదాం. అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. క్యాంపుకొక్క అన్న, తెలిసిన సంగతిని ఫోన్లో రికార్డు చేసి పదిమందికి పంపినా చాలు. ఆ స్విచ్ మన చేతిలోనే ఉంది.