జిగ్ లేకపోతే పదును లేదా?

మాలో కొందరం లేత్ మీద కర్ర పని నేర్చుకోవడానికి శిక్షణకు వెళ్లాం. మూడు నెలలు పని చెప్పారు. చివర ఒక సర్టిఫికెట్టు, అయిదు ఉలులున్న పెట్టె చేతికిచ్చి పంపారు. ఊరొచ్చిన నెలకే ఉలులు మొద్దుబారాయి. పదును పెట్టడం మాత్రం మాకు నేర్పలేదు. అక్కడ గ్రైండరుకు జిగ్ ఉండేది. ఉలిని కదలనీయకుండా ఒకే వాలులో పట్టి ఉంచే ఇనుప బిగింపు అది. మాస్టారే మా ఉలులు తీసుకుని, అందులో బిగించి, పదును పెట్టి ఇచ్చేవారు. ఇంటి దగ్గర ఏం చేయాలని అడిగితే, "జిగ్ లేకుండా మీకు కుదరదు, కొనుక్కోండి" అన్నారు.

ఆ మాట మేము ఒప్పుకోం.

మన తాతలు వాగు రాయి మీద గొడ్డలి నూరారు. మన అమ్మలు ఇంటి ముందు బండ మీద కత్తి నూరుకుంటారు. వాలు కంటితో చూస్తారు, రాయి మీద చప్పుడు చెవితో వింటారు. దాన్ని ఎవరూ నైపుణ్యం అనలేదు, అలవాటు అన్నారు. అదే పని ఇనుప బిగింపులో జరిగితే నైపుణ్యం అయింది, దానికి సర్టిఫికెట్టు వచ్చింది. తేడా పనిలో లేదు. చేసే మనిషిని చూసే చూపులో ఉంది.

జిగ్ పనికిరాదని మేము అనడం లేదు. రోజూ పదుల ఉలులు నూరేచోట అది చేతికి సాయం. లేత్ ఉలి గొడ్డలి లాంటిది కాదన్న మాటా నిజమే. తిరుగుతున్న కర్ర మీద వాలు ఆనాలి, అంచు కోయాలి. వాలు ఎగుడుదిగుడైతే ఉలి ఎగిరిపడుతుంది. కానీ ఆ వాలును ఇంట్లోనే సాధించవచ్చు. మేము చేసి చూశాం కాబట్టి చెబుతున్నాం.

గ్రైండరు ముందు, కావలసిన వాలులో కోసిన చెక్క దిమ్మను గట్టిగా బిగించండి. దిమ్మకూ చక్రానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు, మించితే ఉలి లోపలికి లాక్కుపోతుంది. ఉలి వాలు మీద స్కెచ్ పెన్నుతో రంగు పూయండి. కరెంటు ఆపి, ఉలిని దిమ్మ మీద ఆనించి, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పండి. వాలు వెనక భాగంలోనే రంగు పోయిందా, పిడి కాస్త ఎత్తండి. అంచు దగ్గరే పోయిందా, పిడి దించండి. వాలు అంతటా పోతే చెయ్యి కుదిరినట్టు. ఆ తర్వాతే కరెంటు వేయండి. అద్దాలు పెట్టుకోండి, వదులు బట్టలు వద్దు.

గుండ్రటి ఉలి అయితే పిడిని మెల్లగా దొర్లించాలి. నొక్కకూడదు. కార్బన్ ఉక్కు వేడెక్కి నీలం రంగుకు తిరిగితే అక్కడ మెత్తబడిపోతుంది, పదును నిలవదు. తరచూ నీళ్లలో ముంచుతూ ఉండాలి. నూరాక అంచు వెనక సన్నటి రేకు లేస్తుంది. గుండ్రటి పుల్లకు ఎమరీ కాగితం చుట్టి, గాడి లోపలి నుంచి దాన్ని తీసేయండి. గ్రైండరు లేనివాళ్లకు చదునైన సానరాయి చాలు. ఆలస్యమవుతుంది, అంతే.

ఇక మన బడుల మాట. ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి పిల్లలు సైన్ 30 విలువ సగం అని బట్టీ పడతారు. ఒకవైపే వాలున్న ఉలి తీసుకోండి. వాలు పొడవు ఉలి మందానికి రెండింతలుంటే ఆ కోణం 30 డిగ్రీలు. మందాన్ని వాలు పొడవుతో భాగిస్తే సగం. బోర్డు మీది సైన్ 30 అదే! కాగితం మూలను సగానికి మడిస్తే 45 డిగ్రీలు, మూడు సమాన మడతలు పెడితే 30. మాస్టార్లారా, టీచరమ్మలారా, ఈ పాఠానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక ఉలి, ఒక స్కేలు, పిల్లల ఇంటి నుంచి ఒక తాతను పిలిస్తే చాలు. ఆ తాత కువిలోనో, కోయలోనో, సవరలోనో పదునుకు ఏ మాటలు వాడతాడో పిల్లల చేత రాయించండి. శిక్షణ పుస్తకాల్లో ఆ మాటలు లేవు.

తప్పు మనలోనూ ఉంది. నూరడం ముసలివాళ్ల పని అని మనమే తప్పించుకున్నాం. ఆదివాసీ బిడ్డకు పుట్టుకతోనే పదును వస్తుందని సభల్లో గొప్పలు చెప్పుకున్నాం. రాదు. పక్కన కూర్చుని, రెండు ఉలులు పాడుచేసుకుంటే వస్తుంది.

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్క రంగులద్ది బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనివాళ్ల మీద మాకు అసూయ లేదు, వాళ్ల చేతిపని చూసి నేర్చుకోవాల్సిందే. కానీ అంకుడు మన కొండల్లోనూ పెరుగుతుంది. లక్క పట్టే మోదుగ, రేగు చెట్లు మనకు తెలుసు. కర్ర తెలుసు, లక్క తెలుసు. మనం ఆగిపోతున్నది మొద్దుబారిన ఉలి దగ్గర. ఉలి మూలన పడితే, దాని వెనకే మన కుర్రాడు పట్నంలో వాచ్‌మన్ పనికి బస్సెక్కుతున్నాడు.

అందుకే అడుగుతున్నాం. లేత్ శిక్షణ ఇచ్చేవాళ్లు మొదటి వారమే పదును నేర్పాలి, అదీ చేత్తో. ఇచ్చే పెట్టెలో సానరాయి పెట్టాలి. పదును పెట్టడం రానివాడికి సర్టిఫికెట్టు ఇవ్వకూడదు.

వాళ్లు ఇచ్చేదాకా మనం ఆగనక్కర్లేదు. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మూలనున్న పెట్టె తెరవండి. తుప్పు తుడవండి. ఈ ఆదివారం తాత పక్కన కూర్చోండి.