న్యాయవాది తీరిక

వృత్తి కడుపు నింపును. పేరు నిలుపునది తఱచుగాఁ దీరిక వేళయే. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) నేఁటి కర్ణాటకములోని బళ్లారిలో న్యాయవాదులు. కక్షిదారులకై వాదించుచునే, తీరిక వేళల సరసవినోదినీ సభకై నాటకములు రచించి, తామే వేషము దాల్చి యాడిరి. మంగళాంతమే యాచారమైన కాలమున ‘విషాద సారంగధర’ను దుఃఖాంతముగా ముగించిరి. వారు గెలిచిన వ్యాజ్యెములను నేఁడు తలఁచువా రరుదు. ఆంధ్రనాటకపితామహుఁడను బిరుదము మాత్రము నిలిచినది.

మనకుఁ దీరిక యెక్కడిదందురా? నిజమే. పొయ్యి యార్పి పుస్తకము విప్పఁగనే, ‘అమ్మా!’ యను పిలుపు వినవచ్చును. పురుషుని తీరిక వెనుక నొక యిల్లాలి శ్రమ యుండును. అట్లే, మన యరగంట తీరికకై యింటివారు కొంత శ్రమ పంచుకొనుట న్యాయము కాదా? ఈ వ్యాజ్యెమున వాదులము మనమే. తీర్పు మన యిండ్లలోనే వెలువడవలెను.