ఘాజీ మునిగింది సరే... తర్వాత సంగతేంటి?

మొన్న ఆదివారం మా మేనల్లుడిని తీసుకుని విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లాను. వాడు డిగ్రీ రెండో ఏడాది. అగ్నివీర్‌గా నేవీలో చేరతానని ఇంట్లో పట్టుబట్టి కూర్చున్నాడు. "నీ మాటైతే వింటాడు, కాస్త కూర్చోబెట్టి మాట్లాడరా" అని మా అక్క ఫోన్ చేసింది. కూర్చోబెట్టి మాట్లాడితే వినే వయసా అది? అందుకే నడిపించి మాట్లాడదామని కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియానికి తీసుకెళ్లాను.

లోపలికి వెళ్లారా ఎప్పుడైనా? వెళ్లనివాళ్లు ఒకసారి వెళ్లండి. తొంభై మీటర్ల పొడవు ఉంటుంది గానీ లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాలి. తల వంచి, కాలెత్తి, గుండ్రటి తలుపుల్లోంచి దూరాలి. అందులో డెబ్బైమందికి పైగా మనుషులు వారాల తరబడి బతికేవారు. మావాడు టార్పెడో గొట్టాల ముందు సెల్ఫీ తీసుకుని అడిగాడు: "మామయ్యా, ఘాజీని పేల్చింది దీంట్లోంచేనా?"

పక్కనే ఉన్న గైడ్ నవ్వేశారు. ఆయన నేవీలో పనిచేసి రిటైరైన మనిషి. "రోజూ ఎవరో ఒకరు అడుగుతారు బాబూ" అన్నారు.

తప్పు మావాడిది కాదు. 2017లో వచ్చిన 'ఘాజీ' సినిమా మనందరి బుర్రలో అలా కూర్చుండిపోయింది. సినిమాలో మన సబ్‌మెరైన్‌కీ పాకిస్తాన్ సబ్‌మెరైన్‌కీ నీళ్లలో యుద్ధం. బాగుంటుంది, నేనూ రెండుసార్లు చూశాను. కానీ అసలు కథ వేరే. నన్నడిగితే సినిమా కంటే అసలు కథే బాగుంటుంది.

ముసలి ఓడ వేసిన నాటకం

1971 నవంబర్. తూర్పు పాకిస్తాన్ మీద యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుంది. మనకున్న ఒకే ఒక్క విమాన వాహక నౌక విక్రాంత్. దాని బాయిలర్‌లో పగులు, పూర్తి వేగంతో వెళ్లలేదు. దాన్ని వెతికి ముంచమని పాకిస్తాన్ తన ఘాజీ సబ్‌మెరైన్‌ని కరాచీ నుంచి పంపింది. అంత దూరం, బంగాళాఖాతం దాకా వచ్చి పోరాడగల సబ్‌మెరైన్ వాళ్లకి అప్పట్లో అదొక్కటే.

తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ని చడీచప్పుడు లేకుండా అండమాన్ వైపు పంపేశారు. దాని వేషం వేయడానికి రాజ్‌పుత్ అనే ఓడని వాడుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ముసలి ఓడ అది, తుక్కుకి వెళ్లాల్సిన వయసు. అది విశాఖ బయట తిరుగుతూ, పెద్ద ఓడకి తగ్గట్టు రేడియోలో తెగ సందేశాలు పంపింది. విక్రాంత్ సిబ్బందికి సరిపడా సరుకుల కోసం బజార్లో పెద్ద పెద్ద ఆర్డర్లు పెట్టారు. ఊళ్లో గూఢచారులెవరైనా ఉంటే ఆ కబురు మోసుకెళ్లాలని. "విక్రాంత్ ఇక్కడే ఉంది" అని ఘాజీ నమ్మింది.

డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరం బయట పెద్ద పేలుడు. తర్వాత సముద్రంలో తేలుతున్న శకలాలు మన మత్స్యకారుల కంట పడ్డాయి. ఘాజీ అందులో ఉన్నవాళ్లందరితో సహా అడుగుకి వెళ్లిపోయింది.

ఎవరు ముంచారు? రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల వల్లేనని మన నేవీ మాట. తను పెట్టడానికి తెచ్చుకున్న మైనే పేలిందని పాకిస్తాన్ మాట. లోపలే పేలుడు జరిగి ఉండొచ్చన్నవాళ్లు మన మాజీ అధికారుల్లోనూ ఉన్నారు. ఏది నిజమైనా ఒకటి మాత్రం ఖాయం: ఘాజీ లేని విక్రాంత్ కోసం వెతుకుతూ పోయింది. అసలు విక్రాంత్ మీంచి లేచిన విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద బాంబులు వేశాయి.

"మరి కుర్సురా ఏం చేసింది?" అన్నాడు మావాడు కాస్త నిరాశగా.

"యుద్ధంలోనే ఉందిరా. కానీ అటువైపు, అరేబియా సముద్రంలో" అన్నాను.

ద్వారక అవమానం, కరాచీ జవాబు

విజయం గురించి అందరూ చెబుతారు. దానికి ముందు జరిగింది చెప్పకపోతే కథ సగమే.

1965 యుద్ధంలో మన నేవీని పోర్‌బందర్ దాటి ఉత్తరానికి వెళ్లొద్దని ప్రభుత్వం ఆపింది. పాకిస్తాన్ ఓడలు దర్జాగా వచ్చి ద్వారక మీద గుండ్లు కురిపించి వెళ్లాయి. పెద్ద నష్టమేమీ జరగలేదు గానీ నేవీవాళ్లకి అది మనసులో ముల్లులా గుచ్చుకుంది. 1962లో కొండల్లో దెబ్బ తిన్న దేశం కదా, డబ్బూ దృష్టీ అన్నీ సైన్యానికే. నేవీ ఇంట్లో చిన్న కొడుకులాంటిది, మిగిలిందే దానికి.

ఆ ముల్లు తీసింది 1971 డిసెంబర్ 4 రాత్రి. సోవియట్ యూనియన్ నుంచి కొన్న చిన్న మిసైల్ బోట్లు ఉన్నాయి. రేవుని కాపలా కాయడానికి చేసినవి, ఎక్కువ దూరం పోలేవు. మనవాళ్లు ఏం చేశారో తెలుసా? పెద్ద ఓడలతో లాక్కెళ్లి శత్రువు దగ్గర్లో వదిలారు. నిపట్, నిర్ఘాట్, వీర్ అనే మూడు బోట్లు కరాచీ ముందు ఖైబర్ అనే డిస్ట్రాయర్‌ని, ముహాఫిజ్ అనే మైన్‌స్వీపర్‌ని ముంచి తిరిగొచ్చాయి. డిసెంబర్ 4న నేవీ డే చేసేది అందుకే. ఘాజీ కోసం కాదు, కరాచీ కోసం.

ఇక ఎవరూ పెద్దగా చెప్పుకోని సంగతి. ఐదు రోజుల తర్వాత, డిసెంబర్ 9న, పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఖుక్రీ నౌకని ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే వెళ్లిపోయారు. హంగోర్ ఫ్రాన్స్‌లో తయారైన కొత్త రకం. మన ఖుక్రీలోని సోనార్‌కి అంత దూరం వినపడే శక్తి లేదు. వాళ్లది ధైర్యం లేక కాదు, చేతిలో సరైన పరికరం లేక.

ఇది చెబుతుంటే మావాడు ఫోన్ జేబులో పెట్టేశాడు. అప్పుడే అసలు మాట మొదలెట్టాను.

నీ ఫోన్‌కీ నేవీకీ ఏంటి సంబంధం?

"ఇప్పుడు యుద్ధాలన్నీ డ్రోన్లు, మిసైళ్లే కదా మామయ్యా, ఓడలెందుకు?" అన్నాడు. మీలో కూడా కొందరికి ఈ అనుమానం ఉండే ఉంటుంది.

మన విదేశీ వ్యాపారంలో, సరుకు బరువు లెక్కన చూస్తే, దాదాపు 95 శాతం సముద్రం మీదే నడుస్తుంది. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా దిగుమతే. వంటగ్యాస్‌లోనూ సగానికి పైగా బయటి నుంచే వస్తుంది, అందులో ఎక్కువ భాగం హోర్ముజ్ జలసంధి దాటాలి. ఎక్కడో ఇరాన్ పక్కన ఇరుకు సందులో గొడవైతే మీ అమ్మ వంటింట్లో సిలిండర్ దాకా వస్తుందన్నమాట. ఇక మీరు చూసే రీల్స్? ఉపగ్రహం నుంచి వస్తున్నాయనుకుంటారు చాలామంది. దేశాల మధ్య డేటా దాదాపు అంతా సముద్రం అడుగున పరిచిన కేబుళ్లలోంచే వస్తుంది. 2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో ఏఐ కేంద్రం ప్రకటించినప్పుడు అందులో సముద్రగర్భ కేబుల్ గేట్‌వే కూడా ఉంది. రేపు ఆ కేబుళ్ల మీద ఎవరైనా కన్నేస్తే చూసుకోవాల్సిందెవరు?

2024 జనవరిలో ఏడెన్ గల్ఫ్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కి మిసైల్ తగిలి మంటలంటుకున్నాయి. లోపల 22 మంది భారతీయులు. మంటలార్పడానికి వెళ్లింది మన ఊరి పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నమే. ఆ మార్చిలో సోమాలియా దొంగల చేతిలో ఉన్న రూయెన్ ఓడని ఐఎన్ఎస్ కోల్‌కతా 40 గంటలు వెంటాడింది. విమానంలోంచి కమాండోలు సముద్రంలోకి దూకారు. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది బతికి బయటపడ్డారు.

సముద్రం మీద నమ్మకం ఉంటేనే వ్యాపారం. ఇది మనకి కొత్త పాఠం కాదు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకు లాగేసుకునేవారు. "మేం అలా చేయం, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాం" అని ఆయన రాతి మీద చెక్కించాడు. గ్రూప్స్‌కి చదివేవాళ్లు దీన్ని బిట్‌గా బట్టీ పడతారు గానీ, నేవీ పని కూడా సరిగ్గా ఇదే: వ్యాపారికి ధైర్యం ఇవ్వడం.

లోటు ఎక్కడుంది?

చైనా నేవీకి ఓడల సంఖ్యలో ఇప్పుడు ప్రపంచంలో మొదటి స్థానం. మూడు విమాన వాహక నౌకలు, జిబౌటీలో 2017 నుంచి స్థావరం. పాకిస్తాన్‌లో గ్వాదర్, శ్రీలంకలో 99 ఏళ్ల లీజుకి హంబన్‌టోట. మనకి విక్రమాదిత్య, 2022లో చేరిన కొత్త విక్రాంత్. మూడోది కావాలా, ఆ డబ్బుతో సబ్‌మెరైన్లు కొనాలా అని నిపుణులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు.

విమాన వాహక నౌక ఉంటే మన బలం దూరం దాకా కనిపిస్తుంది. కానీ దూరం నుంచి మిసైళ్లు కొట్టే ఈ రోజుల్లో దాన్ని కాపాడుకోవడానికే ఇంకో పది ఓడలు కావాలి. సబ్‌మెరైన్ కనిపించదు, అదే దాని బలం. ఎక్కడుందో తెలియకపోతే శత్రువు అడుగడుగునా జంకుతాడు. నా ఓటు ముందు సబ్‌మెరైన్లకే. ఖుక్రీ కథ, ఘాజీ కథ రెండూ నాకు అదే చెబుతున్నాయి.

కానీ ఏది కావాలన్నా కట్టాలి కదా! ఆరు స్కార్పీన్ సబ్‌మెరైన్లకి 2005లో ఒప్పందం కుదిరితే, ఆరోది నేవీలో చేరింది 2025 జనవరిలో. ఇరవై ఏళ్లు! విశాఖలోనే, ఇప్పటి హిందుస్తాన్ షిప్‌యార్డ్‌లో, 1948 మార్చిలో నెహ్రూ 'జలఉష' ఓడని నీళ్లలోకి దింపారు. దక్షిణ కొరియాలో హ్యుందాయ్ ఉల్సాన్ షిప్‌యార్డ్ కట్టడం మొదలెట్టింది 1972లో. ఇవాళ కొరియా ఎక్కడ? ప్రపంచ వాణిజ్య నౌకల తయారీలో మన వాటా ఒక్క శాతం కూడా లేదు. యుద్ధనౌకల కోసం మాత్రమే యార్డులు బతకవు. ఏటా మామూలు సరుకు ఓడలు కట్టే చేతులుంటేనే యుద్ధనౌక కూడా టైముకి వస్తుంది. ఇప్పుడు ఇదే హిందుస్తాన్ షిప్‌యార్డ్‌కి ఐదు సరఫరా నౌకల ఆర్డర్ ఉంది, 2023లో వచ్చింది, విలువ సుమారు 19 వేల కోట్లు. నడిసముద్రంలో యుద్ధనౌకలకి డీజిల్, తిండి, మందుగుండు అందించేవి ఇవే. మిసైల్ వీడియోలు వైరల్ అవుతాయి. ఈ ఓడలు టైముకి దిగాయా లేదా అన్నది ఎవరూ షేర్ చెయ్యరు. దాన్నే కనిపెట్టి ఉండాలి.

దీనికి మనం చెల్లించేది కూడా ఉంది. అణు జలాంతర్గాములకి అనకాపల్లి జిల్లా రాంబిల్లి దగ్గర స్థావరం కడుతున్నారు. వాటికి సందేశాలు పంపాలంటే మామూలు రేడియో తరంగాలు నీళ్లలోకి దిగవు, చాలా తక్కువ పౌనఃపున్యం కావాలి, భారీ యాంటెన్నాలు కావాలి. అందుకే సముద్రమే లేని తెలంగాణలో, వికారాబాద్ జిల్లా దామగుండంలో, నేవీ రాడార్ అని అందరూ పిలుచుకునే కేంద్రానికి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అడవి. మూసీ పుట్టే ప్రాంతం. అక్కడివాళ్లు వద్దన్నారు. ఎన్ని చెట్లు పోతాయన్న లెక్క మీదే గొడవ. నాకైతే ఆ కేంద్రం అవసరమే అనిపిస్తుంది. కానీ అడిగినవాళ్లని దేశద్రోహులన్న మాట మాత్రం తప్పు. ఇచ్చిన చెట్ల హామీ ఏమైందో పదేళ్ల తర్వాత కూడా అడగాలి.

ఇంతకీ మావాడు?

బయటికొచ్చి బీచ్ గోడ మీద కూర్చున్నాం. దూరంగా లంగరేసిన ఓడల దీపాలు. వాడే అడిగాడు. "నాలుగేళ్ల తర్వాత నూటికి పాతికమందినే ఉంచుతారంట కదా. నన్ను పంపేస్తే?"

అబద్ధం చెప్పలేదు. "పంపేయొచ్చురా. చేతికి పదకొండు లక్షల పైచిలుకు వస్తుంది. ఉద్యోగం మళ్లీ వెతుక్కోవాలి. సోనార్ వినడం, ఇంజన్ చెవితో పట్టుకోవడం నాలుగేళ్లలో పూర్తిగా రావు. నేర్చుకున్నవాణ్ణి ఇంటికి పంపితే నష్టం నీకొక్కడికే కాదు, ఓడకి కూడా. ఆ మాట ప్రభుత్వంతో అనాల్సింది మాలాంటివాళ్లం. నువ్వు మాత్రం సినిమా చూసి చేరకు. ఇందాక ఆ ఇరుకులో నడిచావే, అది చూసి కూడా ఇష్టముంటే చేరు."

కాసేపు మాట్లాడలేదు. "డిగ్రీ దూరవిద్యలోనైనా పూర్తి చేస్తాలే, అమ్మకి చెప్పు" అన్నాడు. అక్కకి అదే చెప్పాను. ఆమె ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదనుకోండి, అది వేరే సంగతి.

మీరు ఈసారి కుర్సురా ఎక్కితే సెల్ఫీ దిగండి, తప్పులేదు. దిగాక ఆ గైడ్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "మీరున్నప్పుడు ఓడలో ఏం కొరతగా ఉండేది సార్?" అని. మేం అడిగాం. ఆయన పావుగంట చెప్పారు. అందులో సినిమాకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. దేశానికి పనికొచ్చేవి మాత్రం చాలానే ఉన్నాయి.