వెంట ఎవరూ లేని రోగి

ఒంటరి మహిళల ఆరోగ్యం అనగానే మన పత్రికలు యోగా, జిమ్, మనశ్శాంతి గురించి రాస్తాయి. ఆ సలహాలు ఏ కులపు, ఏ వర్గపు స్త్రీకి? పొద్దస్తమానం నాట్లలో నడుం వంచే దళిత ఒంటరి స్త్రీకి వ్యాయామానికేం కొదవ! జ్వరమొస్తే కూలి పోతుందన్న భయం లేకుండా పడుకునే ఒక్క రోజు ఆమెకు లేదు.

భారతదేశంలో దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కంటే సగటున 14.6 ఏళ్లు ముందే మరణిస్తున్నదని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక తేల్చింది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అయినా స్త్రీలలో అంగన్‌వాడీ గుడ్డు, పాలు ప్రధానంగా గర్భిణికీ బాలింతకే. తల్లి కాని స్త్రీ రక్తం ఎవరి లెక్కలోనూ లేదు.

కొందరి ఒంటరితనం కులం విధించినదే. జోగిని దురాచారాన్ని 1988లోనే చట్టం నిషేధించింది. జోగినులుగా మారిన దళిత స్త్రీల వృద్ధాప్యం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకు పింఛను మొదలైంది. మంచిదే. కానీ ఆపరేషన్‌కు వెళితే ఆస్పత్రి అడిగే మొదటి ప్రశ్న: ‘వెంట ఎవరొచ్చారు?’ సంతకం చేయడానికి, మందులు తేవడానికి, రాత్రి పక్కన కూర్చోవడానికి మనిషి కావాలి. పింఛను ఆ మనిషిని తేలేదు. ప్రభుత్వాసుపత్రులలో జీతమిచ్చి సహాయకురాళ్లను నియమించాలి. కోలుకునే రోజులకు కూలి భృతి చెల్లించాలి. రాబోయే బడ్జెట్‌లో ఈ రెండు పద్దులూ ఉండాలి.