గుజ్జు అరిగిపోయిందట, కదలకూడదట!

మోకాలు నొప్పి అన్న మాట ఆడదాని నోట్లోంచి రాగానే చుట్టూ ఉన్న పదిమందీ ఒకే పాట అందుకుంటారు. "గుజ్జు అరిగిపోయి ఉంటుంది. ఇంక ఆ నడకలూ అవీ మానెయ్. రెస్టు తీసుకో." అలా చెప్పేవాళ్ళలో ఒక్కరైనా ఆ వెంటనే "ఈ పూట వంట నేను చేస్తాలే" అనడం మీరు విన్నారా? నేను వినలేదు. మానెయ్యమనేది ఎప్పుడూ మనకి ఇష్టమైనవాటినే. చెయ్యక తప్పని పనులు ఏ రెస్టు లెక్కలోకీ రావు.

ఈ సలహా మీద నాకు చాలా రోజులుగా కోపం ఉంది. ఇవాళ పిల్లలు లేరు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, కాస్త తీరిగ్గా కోప్పడదామని కూర్చున్నాను.

నాకు నలభై ఏడేళ్ళు. విశాఖపట్నంలో ఉంటాం. నడక నాకు పెళ్ళికి ముందునుంచీ ఉన్న అలవాటు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్ళు ఆపేసే వేళకి నేను అక్కడ ఉండాలి, లేకపోతే ఆ రోజంతా ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ, సుమారు 32 కిలోమీటర్లు, కొబ్బరికాయ కొట్టి బయల్దేరతాం. నాలుగేళ్ళ కిందట కుడి మోకాలు మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడు కాదు, మెట్లు దిగేటప్పుడు. చిప్ప కింద ఎవరో ఇసుక పోసినట్టు. సినిమాకెళ్ళి రెండు గంటలు కూర్చుని లేస్తే మొదటి నాలుగడుగులూ కుంటడమే. నెలా రెండు నెలలైతే సరే అనుకుందును, అది ఏడాది దాటింది.

చూపించుకున్నాను. డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, "కొంచెం అరుగుదల ఉందమ్మా, ఈ వయసులో మామూలే. మెట్లెక్కకండి, కింద కూర్చోకండి, నడక తగ్గించండి" అన్నారు. మేముండేది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ఆయన అడగలేదు.

సరిగ్గా ఆ ఏడాదే మావారు షటిల్ ఆడుతూ మోకాలు మెలిపెట్టుకున్నారు. ఇంక చూడండి వైభవం! ఫిజియోథెరపీకి రాయించారు. పక్కన ఫైలు పట్టుకుని నేనే కూర్చున్నాను. అక్కడ ఆయన్ని అడిగిన మొదటి ప్రశ్న: "సార్, ఎప్పటికల్లా మళ్ళీ కోర్టులోకి దిగాలనుకుంటున్నారు?" దాన్నిబట్టి వారానికింత అని లెక్క వేసి వ్యాయామాలు ఇచ్చారు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా "ఆటలో దెబ్బలు మామూలే, తగ్గిపోతుందిలే" అని ధైర్యం చెప్పారు. ఆయనకి నాకంటే నాలుగేళ్ళు ఎక్కువ. ఆయన మోకాలిది ఆట దెబ్బ, నా మోకాలిది వయసు. ఆయన ఎప్పుడు తిరిగి మొదలుపెడతారని అడిగారు, నేను ఎప్పుడు మానేస్తానని అడిగారు. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద పడుకునే రెండు మోకాళ్ళ కథ ఇది.

మావారిని అనడం లేదు. ఆయన పక్కనుండి నాకూ అదే ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర పేరు రాయించారు. నేననేది ఆ ప్రశ్న సంగతి. ఎప్పటికల్లా తిరిగి నడవాలనుకుంటున్నారని మనల్ని ఎందుకు అడగరు?

ఇప్పుడు ఆ గుజ్జు సంగతి చూద్దాం. మనవాళ్ళు గుజ్జు అనేది ఎముకల చివర ఉండే మెత్తటి పొర. దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. దానికి తిండి చుట్టూ ఉన్న ద్రవంలోంచి అందుతుంది, అదీ కీలు మీద భారం పడి, తీసి, పడి, తీసి, స్పాంజిలాగా పిండి వదిలితేనే బాగా అందుతుంది. కదలకుండా ఉంచితే దానికే నష్టం. బండి టైరులా తిరిగినకొద్దీ అరిగేది కాదది. సరదాకి పరుగెత్తే వాళ్ళలో తుంటి, మోకాలు కీళ్ళవాతం వందకి మూడున్నర మందిలో కనిపిస్తే, కదలకుండా కూర్చునేవాళ్ళలో పదిమందికి పైగా కనిపించిందని 2017లో చాలా పరిశోధనల్ని కలిపి చూసి లెక్క తేల్చారు. పందేల కోసం పరుగెత్తేవాళ్ళలో పదమూడు మందికి పైనే ఉంది, అదీ చెప్పాలి. మనం పందేలకి పోవడం లేదుగా!

ఎక్స్‌రేలో, ఎమ్మారైలో ఏదో కనిపించిందని గుండె జారిపోయేవాళ్ళు ఇంకో సంగతి కూడా వినండి. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో యాభై దాటిన 710 మందికి ఎమ్మారై తీశారు. అందరూ ఎక్స్‌రేలో కీళ్ళవాతం లేనివాళ్ళే. అయినా వందకి 89 మంది మోకాళ్ళలో ఏదో ఒక తేడా కనిపించింది. నొప్పి ఉన్నవాళ్ళలోనూ లేనివాళ్ళలోనూ దాదాపు సమానంగా! 2012లో అచ్చయింది ఇది. ఎమ్మారైలో కనిపించినదల్లా రోగం కాదన్నమాట. నెరిసిన వెంట్రుక కనిపిస్తే తలలో రోగం ఉందంటామా?

అంతకంటే ముందు, 2002లో, హ్యూస్టన్‌లో 180 మంది మీద ఇంకో ప్రయోగం చేశారు. కొందరికి మోకాలి లోపల దుర్భిణీతో శుభ్రం చేశారు. కొందరికి పైపైన చర్మం కోసి కుట్టేశారంతే, లోపల ఏమీ చెయ్యలేదు. ఎవరికేం చేశారో వాళ్ళకి తెలియదు. రెండేళ్ళు గమనిస్తే ఇద్దరి నొప్పిలోనూ తేడా లేదు. ఇప్పుడు బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కీళ్ళవాతం ఉన్న ప్రతి ఒక్కరికీ ముందు చెప్పాల్సింది వ్యాయామమే అని రాశారు. మొదట్లో నొప్పి కాస్త పెరగొచ్చనీ, దానికి భయపడి మానకూడదనీ కూడా ఉంది. గ్లూకోసమైన్ బిళ్ళలు ఇవ్వొద్దని కూడా ఉంది. మన మందుల షాపులో నెలకెన్ని డబ్బాలు అమ్ముడుపోతాయో మీకే తెలుసు.

మార్పిడి ఆపరేషన్ని నేను తిట్టడం లేదు. నిజంగా కీలు పాడైపోయి, రాత్రిళ్ళు నిద్రపట్టనివాళ్ళకి అది వరం. 2017 ఆగస్టులో కేంద్రం ఆ కృత్రిమ కీళ్ళ ధరలకి హద్దు పెట్టాక చాలామందికి అందుబాటులోకి కూడా వచ్చింది. మోకాలు ఉన్నట్టుండి వాచి ఎర్రబడినా, జ్వరం వచ్చినా, పడిన తర్వాత బరువు మోపలేకపోయినా, మధ్యలో ఇరుక్కుపోయినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. నా తగువంతా నొప్పి మొదలవడానికీ ఆపరేషన్ బల్లకీ మధ్య ఉన్న ఆ పదేళ్ళూ, పదిహేనేళ్ళ గురించి. ఆ కాలమంతా మన ఆడవాళ్ళు ఏం చేస్తున్నారు? నూనె రాసుకుంటున్నారు. నీక్యాప్ తొడుక్కుంటున్నారు. ఒక్కొక్కటే మానేస్తున్నారు.

మా అత్తగారు అలాగే మానేశారు. ముందు కొండమీద గుడి మానేశారు. తర్వాత మేడమీద బట్టలారేయడం, అది పోతే పోయింది. తర్వాత పెళ్ళిళ్ళు, "అక్కడ బాత్రూములెలా ఉంటాయో" అని. ఆ పైన పక్కింటావిడ దగ్గరికి పోయి కూర్చోవడం కూడా, వాళ్ళ గుమ్మం ఎత్తు కాబట్టి. అరవై ఎనిమిదేళ్ళకి ఆవిడ ప్రపంచం పడగ్గదికీ పూజగదికీ మధ్య ఉన్న పద్దెనిమిది అడుగులు. ఆవిడ మోకాళ్ళు ఆవిణ్ణి కూర్చోబెట్టలేదు, ప్రేమగా "మీరు కదలకండి" అన్న మనుషులు కూర్చోబెట్టారు. కదలని కాలికి తొడ కండ సన్నబడుతుంది. కండ సన్నబడితే భారమంతా కీలు మీద పడుతుంది. నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగిందని ఇంకా కదలరు. నేను ఆవిణ్ణి చూసే భయపడ్డాను, నా ఎక్స్‌రేని చూసి కాదు.

నాకు ఆ అమ్మాయి చేయించినవి చూస్తే మీకు నవ్వొస్తుంది, అంత మామూలువి. డైనింగ్ కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. మొదటివారం ఎనిమిదిసార్లే, కుర్చీ మీద దిండు వేసుకుని. వెల్లకిలా పడుకుని కాలు తిన్నగా పైకెత్తడం. మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపడం. వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తడం. తర్వాత ఒక్క మెట్టు ఎక్కి దిగడం, దిగేటప్పుడు మరీ నెమ్మదిగా. ఎంత నొప్పి వరకు పరవాలేదని అడిగితే ఒక కొలత చెప్పింది: పదికి అయిదు దాటకూడదు, మర్నాటికల్లా మామూలైపోవాలి. మర్నాటికీ ఉంటే ఆ రోజు తగ్గించి చెయ్యాలి, మానకూడదు. కుదురుకున్నాక బరువు పెంచుకుంటూ పోవాలి. చివర్లో నేను అయిదు కిలోల బియ్యం సంచీ గుండెలకి హత్తుకుని కుర్చీలోంచి లేచేదాన్ని. మా చిన్నాడు ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు, అది వేరే కథ.

మొదటి ఆరు వారాలూ ఏమీ తెలియలేదు. మూడో నెలలో ఒకరోజు కూరలు పట్టుకుని కిందికి దిగిపోయాక, రెయిలింగ్ పట్టుకోలేదని గుర్తొచ్చింది. బీచ్ రోడ్డుకి పది నిమిషాలతో మొదలుపెట్టి ఎనిమిదో నెలకి గంట నడిచాను. పోయిన ఏటికి ముందేడు ప్రదక్షిణ పూర్తిచేశాను, వెనకటికంటే రెండు గంటలు ఎక్కువ పట్టింది. గొంతుక్కూర్చుంటే ఇప్పటికీ నొప్పి వస్తుంది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను.

"ఇంటిపని మొత్తం వ్యాయామమే కదండీ, వేరే ఎందుకు?" అని అడిగేవాళ్ళకి ఒక దండం. పొయ్యి ముందు రెండు గంటలు నిలబడితే కాళ్ళు పీకుతాయి, బలం రాదు. రోజూ అదే పని, అంతే బరువు, అదే వంగడం. కండ పెరగాలంటే బరువు కొద్దికొద్దిగా పెరగాలి, మధ్యలో విరామం ఉండాలి. అంట్లు తోమడంలో ఏది పెరుగుతుంది, అంట్లు తప్ప? అసలు ఇంటిపనే వ్యాయామమైతే, ఈ దేశంలో అందరికంటే గట్టి మోకాళ్ళు మన అమ్మలవీ అత్తలవీ అయి ఉండాలి కదా. ఆ మాట చెప్పే మగవాళ్ళు మాత్రం జిమ్ముకి డబ్బు కట్టడం ఎందుకో, ఇల్లు తుడవొచ్చు కదా!

ఇంకొకటి, బరువు తగ్గమంటారు. నిజమే, ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో కొలిచి చూపించారు. మరి తగ్గమన్నవాళ్ళే నడక మానమంటారు. మిగిలిన అన్నం పారెయ్యలేక తినేది ఎవరో అడగరు.

ఇక అసలు అడ్డం టైము. "మాకెక్కడ కుదురుతుందండీ" అని మీరంటారని నాకు తెలుసు, మీరు చెప్పేది నిజం కూడా. ఆ ఇరవై అయిదు నిమిషాలు ఎక్కడా ఖాళీగా పడి లేవు. ఎవరో ఒకరి సౌకర్యంలోంచి తీసుకోవాలి. దానికే మనం జంకుతాం. నొప్పి మందుబిళ్ళకి అయితే ఎవరినీ అడగక్కర్లేదు, నీళ్ళతో మింగేస్తే సరి. వ్యాయామానికి ఇంట్లో నలుగురికీ ఆ టైములో నన్ను పిలవకండి అని చెప్పాలి.

మా ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి ఆరూ ఇరవై అయిదు. మొదట్లో ఆ టైములోనే అందరికీ కత్తెర కనిపించేది కాదు, చార్జరు కనిపించేది కాదు. ఇప్పుడు కుక్కరు మూడు కూతలు లెక్కపెట్టి చిన్నాడు కట్టేస్తాడు. పచ్చడి మావారు రుబ్బుతారు, రోజూ ఉప్పు ఎక్కువే. అత్తయ్యగారు ఇంకో కుర్చీ తెచ్చుకుని నా పక్కన వేసుకుంటారు, రెండు దిళ్ళేసుకుని పదిసార్లు లేస్తారు. పదకొండోది అడిగితే నాకేసి గుర్రుగా చూస్తారు. మొన్న పక్కింటావిడ గుమ్మం ఎక్కి ఓ గంట కూర్చుని వచ్చారు, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.